ఎవరి గిన్నె వారిదే: హాట్‌పాట్ తినబోయేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడలోనో గుంటూరులోనో హాట్‌పాట్ తినడానికి తొలిసారి వెళ్లేవాళ్లు మెనూ చూస్తూ అడిగేవి కొన్ని, సగం తిన్నాక అడిగేవి కొన్ని, బిల్లు చేతికొచ్చాక అడిగేవి కొన్ని. అవన్నీ ఇక్కడ ఉన్నాయి. బల్ల మధ్యలో పెద్ద పాత్ర పెట్టి అందరూ పంచుకునే పద్ధతి గురించి కాదు, మనిషికో చిన్న గిన్నె, మనిషికో పొయ్యి ఇచ్చే పద్ధతి గురించే రాశాం. ఒక్కమాట ముందే చెప్పాలి. ఇక్కడ వంట చేసేది మీరే. వంటింట్లో వాళ్లు సూప్ కాచి, కూరలు కడిగి, మాంసం కోసి ఇస్తారు. ఆ తర్వాత రుచి అంతా మంట తిప్పే మీ చేతిలో ఉంటుంది. అందుకే చిన్న చిన్న సంగతులు కూడా వివరంగా చెబుతున్నాం.

హాట్‌పాట్ అంటే సూప్ తాగడమా, కూర తినడమా?

రెండూ కాదు. ఉడుకుతున్న సూప్‌లో పచ్చి ముక్కలు కొద్దికొద్దిగా వేసి, ఉడికినవి ఉడికినట్టే తీసి, పక్కన కలిపి పెట్టుకున్న సాస్‌లో ముంచుకుని తినడం. అసలు భోజనం ముక్కలే. సూప్ వాటిని ఉడికించడానికి. గిన్నె ఖాళీ అయ్యేసరికి అన్ని రుచులూ దిగి సూప్ చిక్కబడుతుంది కాబట్టి చివర్లో దానికీ ఒక వంతు వస్తుంది.

ఈ పద్ధతి చైనాలో పుట్టింది. ఉత్తరాన బీజింగ్ వైపు రాగి పాత్రలో తేటనీళ్లలాంటి సూప్, పల్చటి గొర్రె మాంసం. నైరుతిన సిచువాన్, చోంగ్‌చింగ్ వైపు ఎర్రటి నూనె తేలే ఘాటు సూప్. జపాన్‌లో ఇదే షాబు షాబు అయింది. మాంసం ముక్కను వేడినీళ్లలో అటూ ఇటూ ఆడించేటప్పుడు వచ్చే చప్పుడే ఆ పేరు. మనిషికో గిన్నె ఇచ్చే చిన్న హోటళ్లు తైవాన్‌లో బాగా వాడుకలో ఉన్నాయి.

ఒక్కరమే వెళ్తే బాగుంటుందా?

బాగుంటుంది. ఈ ఏర్పాటు ఉన్నదే అందుకు. నలుగురు వెళ్లినా ఎవరి సూప్ వారిది, ఎవరి కారం వారిది. ఒకరు మాంసాహారం, ఒకరు శాకాహారం, ఒకరు ఉల్లి వెల్లుల్లి లేకుండా తినేవారు, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఒంటరిగా వచ్చినవాళ్లు కౌంటర్ సీటు అడగండి. అక్కడైతే సూప్ అయిపోయినప్పుడు పిలవగానే పలుకుతారు. తీరిగ్గా తినడానికి గంట నుంచి గంటంబావు పడుతుంది. అరగంటలో లేవాల్సిన పని ఉంటే ఆ రోజు ఇంకేదైనా తినండి.

ఏ సూప్ తీసుకోవాలి?

మెనూలో ఎన్ని పేర్లున్నా సాధారణంగా ఇవి నాలుగు రకాలు.

తేట సూప్: చికెన్ ఎముకలతోనో, పుట్టగొడుగులు, ముల్లంగి, మొక్కజొన్నలతోనో కాచింది. తొలిసారి వెళ్లేవాళ్లకు మా సలహా ఇదే. ముక్కల అసలు రుచి తెలుస్తుంది, పొరపాటు చేసినా సరిదిద్దుకోవచ్చు. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, మొదటి గుటక చప్పగానే ఉంటుంది. పావుగంట పోయాక, నాలుగు రకాలు అందులో మునిగి తేలాక, మళ్లీ ఒక చెంచా రుచి చూడండి.

టమాటా సూప్: మన నాలుకకు చారులా తగులుతుంది కాబట్టి పిల్లలూ పెద్దవాళ్లూ ఇష్టపడతారు. ఒక చిక్కుంది. పులుపులో బంగాళదుంప, క్యారెట్, ముల్లంగి లాంటివి త్వరగా మెత్తబడవు. కూరగాయల కణాలను అంటిపెట్టుకుని ఉండే పెక్టిన్ పులుపులో నెమ్మదిగా కరుగుతుంది. చింతపండు ముందే పోస్తే కూరలో ముక్క ఉడక్క మొరాయించేదీ దీనివల్లే. టమాటా సూప్ తీసుకుంటే దుంపలు అన్నిటికంటే ముందు వెయ్యండి, లేదా బాగా పల్చగా కోసి ఇమ్మనండి.

మాలా సూప్: ఎండుమిరప, సిచువాన్ మిరియాలు, నూనె. దీని సంగతి కింద విడిగా ఉంది.

కొబ్బరిపాలతో చేసే థాయ్ తరహా సూప్: కమ్మగా ఉంటుంది కానీ పెద్ద మంట మీద ఎక్కువసేపు తెర్లితే విరిగి నూనె పైకి తేలుతుంది. మంట సగానికి మించనివ్వకండి.

మేం గుంటూరు కారం తినేవాళ్లం. మాలా మమ్మల్ని ఏం చేస్తుంది?

ఈ మాట గట్టిగా అని ఆర్డర్ చేసినవాళ్లు చాలామంది పది నిమిషాల్లో మజ్జిగ అడుగుతారు. కారం తట్టుకోలేక కాదు, అలవాటు లేని ఇంకో సంగతి అందులో ఉండటం వల్ల.

మాలాలో 'లా' అంటే కారం, 'మా' అంటే తిమ్మిరి. కారం మనకు తెలిసిందే. చైనా మసాలా వ్యాపారంలో, ఓలియోరెసిన్ (మిరప నుంచి తీసే ఘాటు సారం) తయారీలో మన తేజ రకం మిరపకు పెద్ద గిరాకీ ఉంది. గుంటూరు యార్డు నుంచి వెళ్లిన కాయ ఘాటు అక్కడి వంటల్లోనూ తగులుతుంది. తిమ్మిరి మాత్రం మనకు కొత్త. సిచువాన్ మిరియాలకు మిరియాలన్న పేరే గానీ అవి మన మిరియాల జాతి కావు, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు కాయ పైతొక్క. అందులోని శాన్‌షూల్ అనే పదార్థం పెదవుల్లో, నాలుక కొసన స్పర్శ నరాలను కదిలిస్తుంది. చిన్న కరెంటు పారినట్టు జుమ్మంటుంది. కొందరికి నోట్లో ఉప్పు, పులుపు తేడాగా తెలుస్తాయి. భయపడాల్సింది లేదు, పావుగంటలో తగ్గుతుంది. గిన్నెలో తేలే ఆ చిన్న గోధుమరంగు తొక్కలను కొరక్కండి, గరిటెతో పక్కకు తీసెయ్యండి.

మంట తగ్గాలంటే నీళ్లు తాగితే లాభం లేదు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలు, పెరుగు, చిక్కటి మజ్జిగ, ముద్ద అన్నం పనిచేస్తాయి. కూల్‌డ్రింక్ గ్యాస్ వల్ల మంట ఇంకా పెరిగినట్టే ఉంటుంది.

ఇంకో హెచ్చరిక. మాలా సూప్ మీద వేలెడు మందాన నూనె పొర ఉంటే ఆవిరి పైకి రాదు, బుడగలూ పెద్దగా కనిపించవు. చల్లారిందనుకుని నోట్లో పెట్టుకుంటే కాలుతుంది. ఆ నూనెను పాలకూర, తోటకూర, క్యాబేజీ, టోఫు (సోయా పనీర్) స్పాంజిలా పీల్చుకుంటాయి. మాలా తీసుకున్నరోజు ఆకుకూరలు తగ్గించి, ముక్క గట్టిగా ఉండే తామరదుంప, పుట్టగొడుగు, మాంసం ఎక్కువ తీసుకోండి.

బల్లలో బిగించిన పొయ్యి ఎలా వాడాలి?

ఎక్కువ చోట్ల ఒక్కొక్కరికీ 800 నుంచి 1,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఉంటుంది. అద్దం వేడెక్కదు, గిన్నె అడుగే వేడెక్కుతుంది. కానీ గిన్నె వేడి అద్దానికి దిగుతుంది కాబట్టి గిన్నె తీసిన వెంటనే అద్దం మీద చెయ్యి వెయ్యకండి. ఫోను, తాళాలు, స్టీలు చెంచాలు అద్దం మీద పెట్టకూడదు.

గిన్నె పట్టేది లీటరుంబావు దాకా, పోసేది అందులో మూడొంతుల లోపు. గది వేడిలో ఉన్న లీటరు సూప్ 800 వాట్ల మీద తెర్లడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. వేడిగా పోసి ఇస్తే రెండు మూడు నిమిషాలు చాలు. మొదట పెద్ద మంట, తెర్లగానే సగానికి, ముక్కలు వేసిన ప్రతిసారీ ఒక నిమిషం మళ్లీ పెద్దది. గిన్నె అంచుల్లో చిన్న బుడగలు లేస్తూ మధ్యలో సూప్ కొద్దిగా కదులుతుంటే అదే సరైన మంట. కుతకుతలాడుతూ పొంగుతుంటే ఎక్కువైనట్టు.

పొయ్యి బీప్ కొట్టి ఆగిపోతే ముందు గిన్నె మధ్యలో ఉందో లేదో చూడండి, అడుగున తడి ఉంటే తుడవండి. అయినా రాకపోతే మనిషిని పిలవండి. మీరే మీటలన్నీ నొక్కితే కొన్ని రకాలు లాక్ పడతాయి.

ఏది ముందు వెయ్యాలి?

గట్టివి ముందు, మెత్తవి తర్వాత, పిండివి చివర. దుంపలు, మొక్కజొన్న, ముల్లంగి మొదట వేస్తే వాటి తీపి సూప్‌కు దిగుతుంది. ఆ తర్వాత పుట్టగొడుగులు, చేపముద్ద ఉండలు. మాంసం, రొయ్యలు ఎప్పటికప్పుడు రెండు మూడు ముక్కలే. ఆకుకూర తినే ముందు. నూడుల్స్, అన్నం అన్నిటికంటే చివర. నూడుల్స్ ముందే వేస్తే పిండి దిగి సూప్ గంజిలా అవుతుంది, అడుగంటుతుంది, ఆ తర్వాత వేసిన ప్రతిదానికీ ఆ జిగురు అంటుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు ప్లేటు మొత్తం ఒకేసారి గుమ్మరించడం. లెక్క చూడండి: తెర్లుతున్న లీటరు సూప్‌లో 150 గ్రాముల గడ్డకట్టిన మాంసం ఒక్కసారిగా వేస్తే వేడి దాదాపు 80 డిగ్రీలకు పడిపోతుంది. మళ్లీ తెర్లడానికి ఆ చిన్న పొయ్యికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. ఈలోగా పైన ఉన్నది పచ్చిగా, అడుగున ఉన్నది ముదిరిపోయి, మాంసం నీరు వదిలి బూడిదరంగు నురుగు తేలుతుంది. ఇదే మాంసాన్ని మూడు ముక్కల చొప్పున వేస్తే సూప్ అసలు ఆగదు.

ఏది ఎంతసేపు ఉడకాలి?

ఈ సమయాలు సూప్ మళ్లీ తెర్లడం మొదలైనప్పటి నుంచి లెక్క.

కాగితంలా పల్చగా, ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందాన కోసిన మటన్‌కు 30 సెకన్లు. ఎరుపు పోయి ముక్క ముడుచుకోగానే తీసెయ్యండి. చికెన్‌కు తొందర పనికిరాదు. పల్చటి ముక్కకు రెండు నిమిషాలు, వేలెడు మందం ఉంటే నాలుగైదు. లోపల 74 డిగ్రీలు దాటాలి. చూపుతో చెప్పాలంటే, మధ్యలో విరిచి చూసినప్పుడు గులాబీరంగు గానీ జిగురు గానీ కనిపించకూడదు.

రొయ్యలకు రెండు మూడు నిమిషాలు. చంద్రవంకలా వంగి గులాబీరంగుకు తిరిగితే ఉడికినట్టు, సున్నాలా చుట్టుకుపోతే ముదిరి రబ్బరైనట్టు. చేప అయితే కొరమేను, పండుగప్ప లాంటి ముళ్లు తక్కువ ఉన్నదే మేలు. బొచ్చె, శీలావతి రుచికి తక్కువేం కాదు కానీ ముక్క విడిపోతే సన్నటి ముళ్లు గిన్నెలో ఎక్కడున్నాయో కనిపించవు. చేపముక్క గరిటెలోనే ఉంచి రెండున్నర నిమిషాలు ముంచండి, కలపకండి.

చేపముద్ద ఉండలు తేలగానే అయిపోలేదు. తేలాక ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి, లోపల ఇంకా చల్లగా ఉంటుంది. కోడిగుడ్డు నేరుగా కొట్టి వేస్తే గట్టిపడటానికి నాలుగు నిమిషాలు.

మొక్కజొన్న కండె ముక్కలు ఎనిమిది నుంచి పది నిమిషాలు, ముల్లంగి, సొరకాయ కూడా అంతే. మూడు మిల్లీమీటర్ల బంగాళదుంప బిళ్లలు నాలుగైదు, తామరదుంప ఐదు. బటన్ పుట్టగొడుగులు మూడు నాలుగు. దారాల్లా ఉండే ఎనోకి పుట్టగొడుగులను చాలామంది ముంచి తీసేస్తారు, అది మంచిది కాదు. వాటి మీద లిస్టీరియా క్రిమి ఉండి విదేశాల్లో జబ్బులు వచ్చిన సందర్భాలున్నాయి. కనీసం రెండు మూడు నిమిషాలు తెర్లే సూప్‌లో ఉండాలి. టోఫు మూడు నిమిషాలు, ఎంత ఉంచినా చెడదు. క్యాబేజీ రెండు, పాలకూర అర నిమిషం.

గోంగూర పెడితే చాలా సంతోషం, కానీ రెండు మూడు ఆకులే, అదీ చివర్లో. పులుపు సూప్ మొత్తానికి పాకుతుంది.

మటన్ చెప్పులా గట్టిపడింది. మాంసం బాగాలేదా?

చాలాసార్లు తప్పు మాంసానిది కాదు. పల్చటి ముక్క 30 సెకన్లు దాటాక నీరు వదిలి బిగుసుకుంటుంది. ఆ తర్వాత గంట ఉడికిస్తే తప్ప మళ్లీ మెత్తబడదు. మాటల్లో పడి గిన్నెలో మర్చిపోతే జరిగేది ఇదే. వేసిన ముక్కను గరిటె వదలకుండా పట్టుకోండి.

మాంసం వైపు తప్పులు కూడా ఉంటాయి. మన దగ్గర మటన్ అంటే ఎక్కువగా మేక, అందులో కొవ్వు తక్కువ, కండ గట్టి. తొడ, నడుం భాగాన్ని సగం గడ్డకట్టించి, కండ పోగులకు అడ్డంగా కోస్తేనే హాట్‌పాట్‌కు పనికొస్తుంది. ప్లేటులో ముక్క మీద పోగులు పొడుగ్గా గీతల్లా కనిపిస్తుంటే నిలువుగా కోసినట్టు. వెనక్కి ఇచ్చి మార్చమనవచ్చు. ఎముకతో ఉన్న మటన్ ఇస్తే ముందే ఉడికించారా అని అడగండి. పచ్చిదైతే మీ చిన్న పొయ్యి మీద ఎప్పటికీ ఉడకదు.

ముక్కలు ఒకదానికొకటి అంటుకుని నీరు కారుతుంటే అవి కరిగి మళ్లీ గడ్డకట్టినవి కావచ్చు. వాసన చూడండి. అనుమానం ఉంటే తినకండి.

సూప్ ఉప్పు కషాయం అయిపోయింది. ఏం చెయ్యాలి?

పెద్ద మంట మీద అరగంట తెర్లితే అర లీటరు దాకా ఆవిరైపోతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. లీటరులో సరిపోయిన ఉప్పు అర లీటరుకు రెట్టింపు. పైగా చేపముద్ద ఉండలు, సాస్‌లు తమ ఉప్పు కలుపుతాయి.

సూప్ అంచు రెండు వేళ్లు దిగగానే పోయించుకోండి. మళ్లీ సూపే పోస్తే ఉప్పు తగ్గదు, ఉప్పులేని వేడి సూప్ గానీ వేడినీళ్లు గానీ అడగండి. చన్నీళ్లు పోస్తే అంతా ఆగిపోతుంది. మొదటి పది నిమిషాలు సోయా సాస్, ఉప్పు ఏమీ గిన్నెలో వెయ్యకండి. ఉప్పు సాస్ గిన్నెలో ఉండాలి, సూప్ గిన్నెలో కాదు. బూడిదరంగు నురుగు తేలినప్పుడల్లా చిల్లుల గరిటెతో తీసేస్తుంటే సూప్ తేటగా ఉంటుంది.

సాస్ ఎలా కలుపుకోవాలి?

సాస్ బల్ల దగ్గర ఇరవై గిన్నెలు చూసి అన్నీ ఒక్కో చెంచా వేసుకుంటే ఏ రుచీ తెలియని ముద్ద తయారవుతుంది. నాలుగైదుతో మొదలుపెట్టండి.

తేట సూప్‌కు: నువ్వుల పేస్ట్ రెండు చెంచాలు, వేడి సూప్ రెండు చెంచాలు పోసి ముందు జారుగా కలపండి. నువ్వుల పేస్ట్‌లో ద్రవం కొంచెం పోయగానే ఇంకా గట్టిపడుతుంది, కంగారుపడకండి, ఇంకో చెంచా పోస్తే తెల్లబడి జారుతుంది. తర్వాత సోయా ఒక చెంచా, వెనిగర్ అర చెంచా, తరిగిన వెల్లుల్లి, కొత్తిమీర. మాలాకు: నువ్వుల నూనె, వెల్లుల్లి, కొత్తిమీర చాలు. ఆ నూనె ముక్క మీది కారాన్ని కొంత కడిగేస్తుంది, నోటికి చల్లగా ఉంటుంది. టమాటా సూప్‌కు: సోయా, నిమ్మరసం, సన్నగా తరిగిన పచ్చిమిర్చి.

చైనా నువ్వుల నూనె, మన ఆవకాయలో పోసే పప్పు నూనె ఒకటి కావు. అది నువ్వులు బాగా వేయించి తీసింది, రంగు ముదురు, వాసన గట్టిది. పప్పు నూనె పోసినంత పోస్తే ఇంకేమీ తెలియదు, ఒక చెంచా చాలు. మన పల్లీల పొడి, నువ్వుల పొడి కౌంటర్లో ఉంటే తప్పక వేసుకోండి. వేయించిన పల్లీల పలుకులు మెత్తటి మాంసంతో చాలా బాగా కలుస్తాయి.

మేం శాకాహారులం. కార్తీకమాసం కూడా. నిశ్చింతగా తినొచ్చా?

విడి గిన్నె ఉండటం పెద్ద ఊరటే, అది ఒక్కటే సరిపోదు. ఆర్డర్ ఇచ్చే ముందు ఇవి అడగండి. వెజ్ సూప్‌ను ఏం వేసి కాచారు? అందులో చికెన్ పొడి గానీ ఎండుచేప గానీ వేశారా? ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్ ఎక్కడెక్కడ వాడతారు? మొదటిది ఆల్చిప్పల నుంచి, రెండోది చేపల నుంచి వస్తుంది. కొరియా ఊరగాయ కిమ్చీలోనూ చేప సాస్ ఉండొచ్చు. పసుపుపచ్చ నూడుల్స్‌లో గుడ్డు ఉండొచ్చు. క్రాబ్ స్టిక్ అనేది పీత కాదు, చేపముద్ద. ప్యాకెట్‌లో వచ్చిన వస్తువైతే ప్యాకెట్ చూపించమనండి. చదరంలో పచ్చచుక్క శాకాహారం, గోధుమరంగు త్రికోణం మాంసాహారం.

మీ గిన్నె, గరిటె, పట్టకారు మాంసానికి వాడనివేనా అని కూడా అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. కార్తీకం, శ్రావణం, దసరా రోజుల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి సిబ్బందికీ అలవాటే. సాస్ కౌంటర్లో ఒకే చెంచా అన్ని గిన్నెల్లో తిరుగుతుంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు వంటింట్లోంచి విడిగా తెప్పించుకోవాలి. ఉల్లి వెల్లుల్లి లేకుండా కావాలంటే ఒకరోజు ముందు ఫోన్ చెయ్యండి. అప్పటికే కాచిన సూప్‌లోంచి వెల్లుల్లి తీసెయ్యడం ఎవరివల్లా కాదు.

అలర్జీ ఉంటే?

పల్లీ, నువ్వు, సోయా, గోధుమ, రొయ్య, పీత, చేప, గుడ్డు: హాట్‌పాట్ హోటల్లో ఇవన్నీ ఒకే చోట ఉంటాయి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని చాలామందికి తెలియదు. ఏదో ఒకదానికి తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు సాస్ కౌంటర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. రొయ్యల అలర్జీ ఉంటే పక్కవారి గిన్నె తెర్లేటప్పుడు వచ్చే ఆవిరి కూడా కొందరికి పడదు.

పచ్చి మాంసం తాకిన చాప్‌స్టిక్స్‌తోనే తినేయొచ్చా?

వద్దు. హాట్‌పాట్ తిన్నాక కడుపు పాడవడానికి ఇదీ ఒక కారణం. పచ్చి చికెన్ మీద సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు. గిన్నెలో వేసింది ఉడుకుతుంది, చాప్‌స్టిక్స్ కొసలు ఉడకవు. పచ్చివి వెయ్యడానికి పట్టకారు, తినడానికి వేరే జత. ఒకటే ఇస్తే ఇంకోటి అడగండి. చాప్‌స్టిక్స్ చేతకాకపోతే ఫోర్కు, చిల్లుల గరిటెలతో హాయిగా తినొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

ఐదేళ్ల లోపు పిల్లలకు విడి గిన్నె వద్దు. గోడ వైపు కూర్చోబెట్టి, మీ గిన్నెలోంచి తీసి పెట్టండి. గిన్నె పిడి ఎప్పుడూ బల్ల లోపలి వైపే ఉండాలి. తడి ముక్కలు దూరం నుంచి పడేస్తే చిమ్ముతుంది, గరిటెలో పెట్టి దించడం పిల్లలకు ముందే చూపించండి. సూప్ నుంచి తీసిన ముక్క పళ్లెంలో కనీసం ఒక నిమిషం ఆగాలి. ఇది పెద్దవాళ్లకూ వర్తిస్తుంది. 65 డిగ్రీలు దాటిన బాగా వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది.

ఇంట్లో పెద్దాయనకు పేస్‌మేకర్ ఉంది. ఇబ్బందా?

ఇండక్షన్ పొయ్యికీ పేస్‌మేకర్‌కూ మధ్య కనీసం రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు ఉండాలన్నది సాధారణ జాగ్రత్త. బల్లలో బిగించిన పొయ్యి ముందు వంగి తింటే అంత దూరం ఉండదు. పొయ్యి ఆపించి, వంటింట్లో ఉడికించి తెచ్చిపెట్టమనండి. తమ పరికరం సంగతి డాక్టరును ముందే అడిగితే మేలు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు అసలు చిక్కు ఉప్పు. ముక్కలు తినొచ్చు, సూప్ తాగకూడదు.

రోహిణీ కార్తెలో హాట్‌పాటా?

బెజవాడ ఎండలో ఈ ప్రశ్న న్యాయమైనదే. నాలుగు గిన్నెలు తెర్లుతుంటే బల్ల చుట్టూ ఏసీ ఉన్నా ఉక్కపోస్తుంది. వేసవిలో రాత్రి ఎనిమిది తర్వాత వెళ్లండి, తేట సూప్ తీసుకోండి, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు అడగండి. కాటన్ బట్టలు వేసుకోండి. మాలా ఆవిరి వాసన బట్టలకు పట్టి మర్నాటి దాకా ఉంటుంది, పెళ్లికి వెళ్తూ మధ్యలో ఆగే చోటు కాదిది. అసలు రుతువు మాత్రం తొలకరి వానల నుంచి సంక్రాంతి దాకా.

ఎంత ఆర్డర్ చెయ్యాలి? సెట్ మంచిదా, అన్‌లిమిటెడ్ మంచిదా?

ఒక పెద్దమనిషికి 150 నుంచి 200 గ్రాముల మాంసం లేదా చేప, 250 గ్రాముల కూరలు, 80 గ్రాముల ఎండు నూడుల్స్ సరిపోతాయి. సెట్‌లో సూప్, ఒక మాంసం, కూరల పళ్లెం, నూడుల్స్ కలిపి వస్తాయి, మామూలు ఆకలికి అది చాలు. అన్‌లిమిటెడ్ తీసుకునేవాళ్లు సమయ పరిమితి ఎంత, మిగిల్చితే అదనంగా వసూలు చేస్తారా అన్నవి ముందే అడగండి. చాలామంది మొదటి విడతలోనే నాలుగు మాంసం పళ్లేలు తెప్పించుకుని, గిన్నె చిన్నదని మర్చిపోతారు. బల్ల మీద కరుగుతూ కూర్చున్న మాంసం రుచి పోతుంది, మన ఎండాకాలంలో అరగంటకే పాడవడం మొదలవుతుంది. ఒక్కో పళ్లెం తెప్పించుకోండి.

చివర్లో సూప్ ఏం చెయ్యాలి?

తేట సూప్‌లో, ఎక్కువ నురుగు లేకపోతే, ఇదే భోజనంలో మంచి ఘట్టం. గిన్నెలో మిగిలిన ముక్కలన్నీ ఏరెయ్యండి. సూప్ ఒక గ్లాసున్నర ఉంచండి. చల్లారిన అన్నం ఒక చిన్న గిన్నెడు వేసి, చిన్న మంట మీద మూడు నిమిషాలు. గుడ్డు గిలకొట్టి చుట్టూ సన్నగా పొయ్యండి, కలపకండి. మూత పెట్టి పొయ్యి ఆపి ఒక నిమిషం ఆగండి. గుడ్డు మెత్తటి తెరలా పట్టాక ఉల్లికాడలు, మిరియాలపొడి చల్లుకోండి. ఉప్పు వెయ్యక్కర్లేదు. జపాన్‌లో ఇలా ముగించడం ఆనవాయితీ.

మాలా సూప్ తాగడానికి కాదు, దాన్ని వదిలెయ్యండి. మాంసం, రొయ్యలు గంటసేపు ఉడికిన సూప్‌లో యూరిక్ యాసిడ్‌ను పెంచే ప్యూరిన్లు ఎక్కువ దిగుతాయి కాబట్టి యూరిక్ యాసిడ్, గౌట్ ఉన్నవాళ్లు ఏ సూప్ అయినా తాగకపోవడం మంచిది.

మిగిలింది పార్సెల్ కట్టిస్తారా?

ఉడికించనివి కూరలైతే కట్టిస్తారు. పచ్చి మాంసం కట్టివ్వకపోతే వాదించకండి, బల్ల మీద గంట ఉన్నది ఇంటికి తీసుకెళ్లడం మీకే ప్రమాదం. తెర్లే సూప్ పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకండి, స్టీలు క్యాన్ తీసుకెళ్లండి.

బిల్లులో ఏం చూసుకోవాలి?

మామూలు హోటళ్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జి పన్ను కాదు, ఇష్టమైతేనే ఇవ్వాలి. దాన్ని బిల్లులో తమంతట తాము వెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసెయ్యమని మర్యాదగా అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చు. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉండాలి. సూప్ మళ్లీ పోసినందుకు, సాస్ కౌంటర్‌కు విడిగా వసూలు చేసే చోట్లు ఉన్నాయి. అది కూర్చోక ముందే అడిగితే చివర్లో మాట పెరగదు.

ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంది. ఒక్కరికి చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. అయస్కాంతం అంటుకునే అడుగున్న లోతు గిన్నె తీసుకోండి. లీటరు నీళ్లు, ఒక మొక్కజొన్న కండె ముక్కలు, అర ముల్లంగి, నాలుగు పుట్టగొడుగులు, వేలెడు అల్లం నలగ్గొట్టి వేసి చిన్న మంట మీద 40 నిమిషాలు కాచండి. మాంసాహారులైతే పావుకిలో చికెన్ ఎముకలు ముందు ఒకసారి తెర్లించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో వెయ్యండి. నురుగు, నీచు వాసన పోతాయి. ఉప్పు ఒక చిన్న చెంచా, అంతకు మించి వద్దు. మటన్ ఇంట్లో పల్చగా కొయ్యాలంటే ఫ్రీజర్‌లో గంటన్నర పెట్టి, కత్తి దిగేంత గట్టిపడగానే పోగులకు అడ్డంగా కొయ్యండి. పూర్తిగా రాయైతే కత్తి జారుతుంది, అప్పుడు పదిహేను నిమిషాలు బయట ఉంచాలి. ఇంటి స్టవ్ 2,000 వాట్లది కాబట్టి 600 దగ్గర పెట్టుకోండి. కొన్ని స్టవ్‌లు తక్కువ అంకె మీద ఆగి ఆగి వెలుగుతాయి. అలాంటిదైతే 800కు పెంచి, పక్కన ఒక గ్లాసు వేడినీళ్లు ఉంచుకోండి.